"దేవుడికి చీకట్లో కనపడదా?" – చిన్నపిల్లలకి ఇంట్లో చేసే పూజలు, ప్రార్థనల అర్థం ఎలా చెప్పాలి, ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది

మా పాపకి అప్పటికి నాలుగు దాటి కొన్ని నెలలు అయ్యుంటుంది. సాయంత్రం దీపం పెడుతుంటే పక్కన నిలబడి చూసీ చూసీ "అమ్మా, దేవుడికి చీకట్లో కనపడదా?" అంది. నాకు నవ్వయితే వచ్చింది గానీ జవాబు రాలేదు. నేనింకా ఆలోచిస్తుండగానే లోపల్నుంచి మా అత్తగారు "తప్పమ్మా, అలా అనకూడదు, కళ్ళు పోతాయి" అనేశారు, కోపంగా కూడా కాదు, ఏదో అలవాటుగా, మన చిన్నప్పుడు మనకీ ఎవరో ఒకరు అనే ఉంటారు కదా అలా. ప్రశ్న అక్కడితో అయిపోయింది అనుకున్నా. రాత్రి పడుకునే ముందు చూద్దును కదా, ఇది ఒక కన్ను మూసి ఫ్యాన్ వైపు చూస్తోంది, కాసేపాగి ఆ కన్ను తెరిచి రెండోది మూస్తోంది. ఏంటే ఆ పని అంటే "చెక్ చేస్తున్నా" అంది.

ఆ తర్వాత ఈ రెండేళ్ళలో నేను దాదాపు అన్ని పద్ధతులూ ట్రై చేశాను. కథలు చెప్పాను, క్లాసులో చేర్పించాను, ఫోన్లో వచ్చే "దీని వెనక ఉన్న సైన్స్ ఇదీ" టైపు మెసేజ్‌లు కూడా చదివి వినిపించాను, అదో పెద్ద కామెడీ, తర్వాత చెప్తా. తెలిసినవాళ్ళలో నమాజు చేసేవాళ్ళని, చర్చికి వెళ్ళేవాళ్ళని కూడా మీ ఇంట్లో పిల్లలకి ఎలా చెప్తారు అని అడిగాను. ఎవరింట్లో చూసినా ఒకటే తంతు, పిల్లలతో చేయించడం అందరికీ వచ్చు, ఎందుకో చెప్పమంటే మాత్రం పెద్దవాళ్ళమే నీళ్ళు నములుతాం. కాబట్టి ఏ పద్ధతి ఎక్కడ పనికొస్తుందో ఎక్కడ బోల్తా కొడుతుందో నాకు అర్థమైనంతవరకు రాస్తున్నా, ఏ మతం వాళ్ళయినా మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు వయసు సంగతి

పిల్లల వయసు చూసుకోకుండా పద్ధతి ఎంచుకుంటే దండగ. ఒక తమాషా చెప్తా, ఒకదానితో ఒకటి సంబంధం లేని సంప్రదాయాలన్నీ వచ్చి వచ్చి ఏడేళ్ళ దగ్గరే ఆగుతాయి. పిల్లలకి ఏడేళ్ళొచ్చాక నమాజు చెయ్యమని చెప్పండి అని హదీసు (ముహమ్మద్ ప్రవక్త మాట) ఉంది, ఉపవాసం మాత్రం యుక్తవయసు వచ్చాకే తప్పనిసరి. కాథలిక్కుల్లో పిల్లలు మొదటిసారి దివ్యసత్ప్రసాదం (చర్చి పూజలో ఇచ్చే పవిత్రమైన రొట్టె) తీసుకోడానికి తగిన వయసు సుమారు ఏడేళ్ళు అని 1910లో పోప్ పదో పయస్ కాలంలో తేల్చారు. ఇంట్లో చేసే సంస్కారాల గురించి చెప్పే పాత గ్రంథాలు గృహ్యసూత్రాల్లో బ్రాహ్మణ పిల్లల ఉపనయనానికి గర్భాష్టమం అన్నారు, కడుపులో పడ్డప్పట్నుంచి లెక్కేస్తే ఎనిమిదో ఏడు, మన పుట్టినరోజు లెక్కలో ఏడుకి అటూఇటూ. బుద్ధుడి కొడుకు రాహులుడు భిక్షువుల సంఘంలో చేరింది ఏడేళ్ళకే అని బౌద్ధులు చెప్పుకుంటారు. ఇవేవీ సంబంధం లేకుండా పియాజే అనే స్విస్ మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లల ఆలోచనని గమనించి గమనించి రెండు నుంచి ఏడు దాకా ఒక దశ, ఏడు నుంచి పదకొండు దాకా ఇంకో దశ అని గీత గీశాడు, అదీ అక్కడే పడింది.

అలాగని ఏడు లోపు ఏమీ చెప్పక్కర్లేదని కాదు. ఆ వయసులో భక్తి, ఆత్మ, పాపం, పుణ్యం లాంటి మాటలు గాల్లో తేలిపోతాయి, చేత్తో పట్టుకునేది, కంటికి కనపడేది, ముక్కుకి తగిలేది మాత్రం లోపలికి దిగుతుంది, అంతే తేడా. రాహులుడికి అబద్ధం గురించి బుద్ధుడు చెప్పిన తీరు నాకు చాలా ఇష్టం. కాళ్ళు కడుక్కున్నాక పాత్రలో కాసిని నీళ్ళు ఉంచి, ఇవి కనపడుతున్నాయా, తెలిసి తెలిసి అబద్ధం ఆడ్డానికి సిగ్గుపడనివాళ్ళలో మంచి ఇంతే ఉంటుంది అన్నాడు. ఆ కాసిని నీళ్ళు పారబోసి ఒక మాట, పాత్ర బోర్లించి ఒక మాట, మళ్ళీ తిప్పి ఖాళీ పాత్ర చూపించి ఇంకో మాట. ఉపన్యాసమేం లేదు, చేతిలో ఉన్న పాత్రే పాఠం. బౌద్ధులు మళ్ళీ మళ్ళీ వినాల్సినవి ఇవీ అని అశోకుడు చెక్కించిన శాసనంలో ఈ ఉపదేశం కూడా ఉంది, అంటే ఆయనకీ నచ్చినట్టుంది.

ముందు చేయించడం, అర్థం తర్వాత చూసుకోవచ్చులే అనడం

ఎక్కువమంది ఇళ్ళల్లో నడిచేది ఇదే. చేతులు జోడించు, మోకాళ్ళ మీద కూర్చో, తల వంచు, ఈ నాలుగు ముక్కలు నా వెంట పలుకు. నన్నడిగితే ఐదేళ్ళ లోపు పిల్లలకి ఇది మంచి పద్ధతే, చాలామంది ఆధునికులు ముఖం చిట్లిస్తారు గానీ. చిన్నపిల్లలు అలా తయారై ఉంటారు మరి. 2005లో హార్నర్, వైటెన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం గురించి రాశారు. ఒక పెట్టెలోంచి బహుమతి తీసి చూపించారు, మధ్యలో కావాల్సిన పనులూ, ఎందుకూ పనికిరాని ఉత్తుత్తి పనులూ కలిపేశారు. పెట్టె అద్దంలా లోపలంతా కనపడుతూ ఉంటే చింపాంజీలు ఉత్తుత్తి పనులు మానేసి సూటిగా బహుమతి లాక్కున్నాయి, మూడు నాలుగేళ్ళ పిల్లలు మాత్రం చూపించినవన్నీ పొల్లుపోకుండా చేశారు. పిల్లలకి తెలివి తక్కువని కాదండీ, పెద్దవాళ్ళు చేశారంటే ఏదో ఉండే ఉంటుంది, ఇది ఇలా చేస్తారన్నమాట, అని నమ్మేస్తారు. ఆచారాలు తరాలు దాటి బతికేది ఈ నమ్మకం మీదే.

తిరకాసు ఏంటంటే ఈ నమ్మకానికి కాలపరిమితి ఉంది. పదేళ్ళు దాటాక కూడా "చెయ్యమన్నాను, చెయ్యి" అనే నడిపిస్తే ఒకరోజు అదే పిల్ల తలుపేసుకుని రాదు. ఇంకోటి, పిల్లతో చేయిస్తూ మీరు సోఫాలో ఫోన్ చూసుకుంటే అస్సలు పనిచెయ్యదు. జోసెఫ్ హెన్రిక్ అనే ఆయన 2009లో దీని మీద ఒక సిద్ధాంతమే రాశాడు, పెద్దవాళ్ళు నోటితో చెప్పేదాన్ని కాక, కష్టమైనా సరే చేసి చూపించేదాన్ని బట్టి నమ్మకం పిల్లల్లోకి వెళ్తుందని. మన భాషలో చెప్పాలంటే తనకు లేని దాన్ని ఎవరికీ ఇవ్వలేం.

ఈ పద్ధతి ఎంచుకుంటే పిల్లకి ఉత్తుత్తి పాత్ర కాకుండా నిజమైన పని ఇవ్వండి. సిక్కుల లంగర్‌లో, అంటే గురుద్వారాలో అందరికీ పెట్టే ఉచిత భోజనం దగ్గర, చిన్న చిన్న పిల్లలు కూడా రొట్టెలు పంచుతూ, నీళ్ళు పోస్తూ తిరుగుతుంటారు, అందరూ నేల మీద ఒకే వరసలో కూర్చుంటారు. అందరూ సమానం అనే మాట అక్కడ ఎవరూ బోర్డు మీద రాసి చెప్పరు, ఆ పిల్లాడు వంగి వంగి వడ్డిస్తూ ఉంటే అది వాడి నడుముకే తెలిసిపోతుంది. మా ఇంట్లో వత్తులు వెయ్యడం పాప డ్యూటీ. వంకరగా వేస్తుంది, ఒక్కోసారి నూనె ఒలకబోస్తుంది, ఒలికింది తుడవడం కూడా డ్యూటీలో భాగమే అని చెప్పాను, అదే ఇంకా ఇష్టంగా చేస్తోంది!

కథ చెప్పడం

నాలుగు నుంచి ఎనిమిది దాకా కథ లాగినట్టు ఇంకేదీ లాగదు. కానీ చాలామంది చేసే పొరపాటు నేనూ చేశాను, ఆచారానికి అర్థం అడిగితే పుట్టుకథ చెప్పేస్తాం. ఈ పండగ ఎలా మొదలైంది అన్నది ఒక ప్రశ్న, మనం ఇవాళ ఎందుకు చేస్తున్నాం అన్నది ఇంకో ప్రశ్న. రాక్షసుణ్ణి చంపారు అనో, సముద్రం రెండుగా చీలింది అనో చెప్పి ఆపేస్తే పిల్ల ఊరుకుంటుంది, బుర్రలో మాత్రం యుద్ధం సీనే మిగులుతుంది. కథ అయ్యాక ఒక్క ముక్క కలపాలి, "అందుకని మనం ఈ రోజు ఇది చేసి ఆ సంగతి గుర్తుచేసుకుంటాం" అని. ఆ ఒక్క ముక్క లేకపోతే కార్టూన్‌కీ దీనికీ తేడా లేదు.

వీడియోల కంటే మీ నోటి కథే మేలు అని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే వీడియోని మధ్యలో ఆపి "మరి వాళ్ళమ్మ ఏడవలేదా?" అని అడగలేరు. ఆ మధ్యలో వచ్చే ప్రశ్నల్లోనే అసలు పాఠం ఉంటుంది.

"ఇది నిజంగా జరిగిందా?" అని ఐదారేళ్ళకి తప్పకుండా అడుగుతారు. మీరు నమ్మితే నమ్ముతున్నానని చెప్పండి, నమ్మకపోతే "చాలామంది జరిగిందని నమ్ముతారు, నాకు ఇందులో ఈ మాట ఇష్టం" అని చెప్పండి. రెండూ పర్లేదు. నమ్మకుండా నమ్మినట్టు నటిస్తే మాత్రం దొరికిపోతాం, పిల్లలకి ఆ రాడార్ ఎక్కడ ఉంటుందో తెలీదు గానీ ఉంటుంది.

సూటిగా అర్థం చెప్పెయ్యడం

ఇక్కడే నేను ఎక్కువ టైమ్ పెట్టాను. చిన్నపిల్ల "ఎందుకు" అంటే మనం కారణం అడుగుతోంది అనుకుంటాం, చాలాసార్లు అది "దేనికి" అని అడుగుతోంది. డెబొరా కెలెమన్ అనే పరిశోధకురాలు 1999లో, రాళ్ళు మొనదేలి ఎందుకుంటాయి లాంటి ప్రశ్నలతో చూస్తే, చిన్నపిల్లలకి జంతువులకి దురద పుడితే గోక్కోడానికి అనే టైపు జవాబే నచ్చింది. ప్రతి వస్తువూ దేనికో ఒకదానికి ఉండాలి వాళ్ళ లెక్కలో. అందుకే శాస్త్రం, చరిత్ర, పరంపర అంటూ పది నిమిషాలు చెప్పడం కంటే "ఇది దీనికి" అనే ఒక్క వాక్యం చాలు.

ఆ ఒక్క వాక్యం దొరకడమే కష్టం. నేను మా ఇంట్లో చేసేవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, పక్కన దేనికి అని రాసుకుంటూ పోతే చివరికి ఐదు మాటలే తేలాయి: థాంక్స్ చెప్పడం, సారీ చెప్పడం, ఎవర్నో గుర్తుచేసుకోవడం, సాయం అడగడం, అందరం కలిసి కూర్చోవడం. తర్వాత వేరే మతాల ఫ్రెండ్స్‌తో కూర్చుని వాళ్ళవి కూడా ఇందులో పెట్టి చూశాం, చాలామటుకు ఇమిడిపోయాయి. తినే ముందు చెప్పే ప్రార్థన థాంక్స్, పోయినవాళ్ళ పేరున చేసేవి గుర్తుచేసుకోవడం, ఉపవాసం కొంతమందికి సారీ, కొంతమందికి ఆకలి అంటే ఏంటో గుర్తుచేసుకోవడం. ఐదేళ్ళ పిల్లకి ఈ ఐదు మాటలూ ముందే తెలుసు, స్కూల్లో రోజూ వాడుతుంది, అదే దీని గొప్ప. మీరూ ఒక కాగితం తీసుకోండి. ఏ మాటా పక్కన రాయలేని ఆచారం ఒకటో రెండో మిగుల్తాయి, వాటి గురించి పిల్లకి చెప్పే ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, నాకయితే మా అత్తగారి దగ్గర భలే జవాబులు దొరికాయి, ఇన్నాళ్ళూ అడగకపోవడం నా తప్పే.

ఈ ఐదింట్లో సాయం అడగడం అనేది జాగ్రత్తగా చెప్పాలి. "దేవుణ్ణి అడిగితే ఇస్తాడు" అని తేలిగ్గా అనేస్తాం. తర్వాత తాతగారికి జ్వరం వస్తుంది, పిల్ల కళ్ళు మూసుకుని అడుగుతుంది, తగ్గదు. "నేను సరిగ్గా అడగలేదా?" అని ఆ చిన్న మొహం మన వైపు తిరిగినప్పుడు గుండె జారిపోతుంది. కాబట్టి మొదట్నుంచే "మనకి భయమేసినప్పుడు దేవుడితో చెప్పుకుంటాం, చెప్పుకుంటే ధైర్యంగా ఉంటుంది" అనే వరకు ఆగండి. నాణెం వేస్తే చాక్లెట్ పడే మెషీన్‌లా చెప్పొద్దు.

ఇక ఆ సైన్స్ మెసేజ్‌ల కామెడీ. ఫలానాది చేస్తే రక్తప్రసరణ పెరుగుతుంది, ఫలానా శబ్దానికి సూక్ష్మక్రిములు చస్తాయి అంటూ వస్తాయి కదా, ఒకరోజు అలాంటిది ఒకటి చదివి వినిపించాను. అంతా విని "అయితే స్కిప్పింగ్ ఆడినా రక్తం తిరుగుతుంది కదా, ఇవాళ అది ఆడేస్తా" అంది. ఏమనాలి దానికి? లాజిక్‌లో తప్పేం లేదు. ఆరోగ్యమే కారణమైతే అంతకంటే సులువైన దారి దొరికిన రోజు ఆచారం పోతుంది, పైగా ఆ సైన్స్ తప్పని ఏ ఎనిమిదో క్లాసులోనో తెలిస్తే దాంతోపాటు మనం చెప్పిన మిగతావన్నీ కూడా కొట్టుకుపోతాయి. నిజంగా రుజువైన సంగతి అయితే చెప్పండి, తినేముందు చేతులు కడుక్కోవడం మంచిదే మరి. తెలియనిదానికి సైన్స్ రంగు పూయకండి. ఈ ఆప్షన్ నేను పూర్తిగా కొట్టేశాను.

భయపెట్టడం

దీన్నెవరూ పద్ధతి అని ఎంచుకోరు, నోట్లోంచి వచ్చేస్తుందంతే. దేవుడు చూస్తున్నాడు, శిక్షిస్తాడు, కళ్ళు పోతాయి. పనిచేస్తుందా అంటే చేస్తుంది, అదే సమస్య. పియాజే 1932లో రాసిన పుస్తకంలో ఒక కథ ఉంది, దొంగతనం చేసి పారిపోతున్న పిల్లాడు పాడైపోయిన వంతెన మీదకి రాగానే అది విరిగి నీళ్ళలో పడతాడు, దొంగతనం చెయ్యకపోయుంటే పడేవాడా అని పిల్లల్ని అడిగాడు. చిన్నపిల్లలు చాలామంది పడేవాడు కాదు అన్నారు. అంటే తప్పు చేస్తే ప్రపంచమే తిరిగి కొడుతుంది అని ఆ వయసు వాళ్ళు ఎవరూ చెప్పకుండానే నమ్ముతుంటారు, దాని మీద మనం ఇంకో చెయ్యి వేస్తున్నాం. తర్వాత జ్వరమొచ్చినా, పెన్సిల్ పోయినా నేనే ఏదో తప్పు చేశాను అని లోపల లెక్కలేసుకుంటారు, బయటికి చెప్పరు. మా పాప కళ్ళు చెక్ చేసుకుంది కాబట్టి నాకు తెలిసింది, చీకట్లో చేసుంటే తెలిసేదే కాదు.

పెద్దవాళ్ళతో గొడవ పెట్టుకోమని కాదు. మా అత్తగారితో నేను అన్నది ఒక్కటే, "అత్తయ్యా, అది రాత్రంతా కళ్ళు చూసుకుంది" అని. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు, మర్నాడు పొద్దున్నే పాపని పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుని వాళ్ళ అమ్మ దీపం ఎలా పెట్టేదో చెప్పారు. వాదిస్తే ఇది జరిగేది కాదు.

క్లాసులో చేర్పించడం

మతం క్లాసులు కొత్తవేం కాదు, ఇంగ్లండ్‌లో రాబర్ట్ రైక్స్ 1780లో సండే స్కూల్ మొదలుపెట్టింది వారమంతా పనికిపోయే పిల్లలకి చదువు, బైబిలు చెప్పడానికి. ఇంట్లో టైమ్ లేనివాళ్ళకి, ఊరికి దూరంగా ఎక్కడో ఉంటూ చుట్టూ తమలాంటి వాళ్ళెవరూ లేనివాళ్ళకి క్లాసు పెద్ద ఆసరా, అందులో డౌట్ లేదు, తనలాంటి పిల్లలు ఇంకో పదిమంది ఉన్నారు అని తెలియడమే సగం బలం.

మేం చేర్పించిన మొదటి క్లాసు మాత్రం మాకు పడలేదు. శ్లోకం అప్పజెప్తే స్టార్ స్టిక్కర్, పది స్టార్లకి గిఫ్ట్. మూడు నెలల్లో పాప పదకొండు శ్లోకాలు గడగడా చెప్పేసేది, ఒక్కదానికీ అర్థం తెలీదు, స్టిక్కర్ లేకపోతే నోరు విప్పేది కాదు. దీనికి పూర్తి ఎదురుగా ఉండే మోడల్ ఒకటుంది. 1954లో రోమ్‌లో సోఫియా కవలెట్టి అనే బైబిలు పండితురాలు, జియాన్నా గోబ్బి అనే మాంటిస్సోరి టీచర్ కలిసి మొదలుపెట్టారు. మూడు నుంచి ఆరు, ఆరు నుంచి తొమ్మిది, తొమ్మిది నుంచి పన్నెండు అని మూడు మెట్లు. చిన్న మెట్టు పిల్లలకి బలిపీఠం, గిన్నె, కొవ్వొత్తులు అన్నీ వాళ్ళ చేతికి సరిపోయే సైజులో చేసి ఇస్తారు, నెమ్మదిగా సర్దుకుంటారు, ఆశ్చర్యపోతారు, తోచింది అడుగుతారు, మార్కులుండవు. మీది ఏ మతమైనా క్లాసుని ఈ కొలతతో చూడండి. చేర్పించే ముందు ఒకరోజు వెనక కూర్చుని గమనించండి, పిల్ల ప్రశ్న అడిగితే టీచర్ మొహం ఎలా మారుతుందో చూడండి, వేరే మతాల గురించి ఏం మాట్లాడుతున్నారో చెవి పెట్టి వినండి. ఈ మూడూ బావుంటే ఫీజు, దూరం లాంటివి చూసుకోవచ్చు. క్లాసుకి పంపినా ఇంట్లో ఒక్కటైనా మీరు చేస్తూ ఉండాలి, లేకపోతే అది ఇంకో ట్యూషన్ అయిపోతుంది.

ఏమీ చెప్పకుండా పెద్దయ్యాక వాళ్ళే ఎంచుకుంటారులే అనడం

దీని మీద నాకు గౌరవం ఉంది. పిల్లల మనస్సాక్షి వాళ్ళది అనే మాట ఊరికే అన్నది కాదు, 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 14వ ఆర్టికల్‌లో పిల్లలకి ఆలోచన, మనస్సాక్షి, మతం విషయంలో స్వేచ్ఛ ఉందని రాశారు. అదే ఆర్టికల్‌లో, పిల్లల ఎదుగుదలకి తగ్గట్టు దారి చూపించే హక్కూ బాధ్యతా తల్లిదండ్రులకి ఉన్నాయని కూడా రాశారు, చాలామంది మొదటి సగమే చదువుతారు. ఇంట్లో ఆచారం అస్సలు లేనివాళ్ళకి ఈ దారి నిజాయితీగా ఉంటుంది. ఇంట్లో రోజూ ఏదో ఒకటి చేస్తూ పిల్లకి మాత్రం ఏం చెప్పనంటే అది తటస్థం అవ్వదు, మనం చెప్పని జవాబు ఫోన్ చెప్తుంది, బస్సులో పక్క సీటు పిల్లాడు చెప్తాడు.

అడిగేలా చెయ్యడం, నా ఓటు దీనికి

యూదుల పస్కా పండగ రాత్రి భోజనం దగ్గర ఇంట్లో అందరికంటే చిన్న పిల్లో పిల్లాడో లేచి "మిగతా రాత్రులకీ ఈ రాత్రికీ తేడా ఏంటి?" అని అడగాలి, అది ఆ ఆచారంలోనే భాగం. జవాబుగానే పెద్దవాళ్ళు తమ పూర్వీకులు ఈజిప్టులో బానిసత్వం నుంచి బయటపడ్డ కథంతా చెప్తారు. పిల్లలు అడగాలనే కొన్ని పనులు మామూలు రోజుల్లా కాకుండా వింతగా చేస్తారు. సుమారు 1800 ఏళ్ళ కిందట కూర్చిన యూదుల ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలోనే, పిల్లాడు అడుగుతాడు, వాడికి తెలియకపోతే తండ్రి నేర్పాలి అని ఉంది. ప్రశ్నని తప్పు అనకుండా దానికి ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టారు చూడండి, అది నాకు భలే నచ్చింది.

మనకి మాత్రం ఇది లేదా? కఠోపనిషత్తు మొదలయ్యేదే ఒక పిల్లాడి ప్రశ్నతో. తండ్రి యజ్ఞంలో గోదానం చేస్తున్నాడు, ఆ ఆవులు చూస్తే నీళ్ళు తాగడం అయిపోయి, గడ్డి మెయ్యడం అయిపోయి, పాలు ఎండిపోయిన ముసలి ఆవులు. ఇలాంటివి ఇస్తే దానానికి అర్థమేంటి అని నచికేతుడికి అనిపించి "నాన్నా, నన్నెవరికి ఇస్తావు?" అని ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు అడిగాడు. తండ్రికి విసుగొచ్చి "యముడికి ఇస్తా పో" అన్నాడు. మనం వంటింట్లోంచి "కాసేపు నోరు మూసుకుంటావా" అనడానికీ దీనికీ పెద్ద తేడా లేదు. తర్వాత యముడు మాత్రం కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు, ఆ చెప్పిందే ఉపనిషత్తు అయింది.

దీన్ని ఇంట్లో ఎలా చెయ్యాలంటే, వారానికి ఒకసారి, మామూలుగా చేసే పనిలో ఏదో ఒకటి కావాలని మార్చండి. ఒకరోజు నేను దీపం పెట్టకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాను. "ఏమైంది, పెట్టవా?" అంది. "పెట్టకపోతే ఏమవుద్ది?" అన్నాను. అది చాలాసేపు ఆలోచించి "మనం వచ్చామని ఎలా తెలుస్తుంది మరి?" అంది. నాకు ఎవరూ నేర్పని అర్థం అది!

మరి మీ పిల్లకి ఏది?

అదే పస్కా కథలో నలుగురు పిల్లలుంటారు, తెలివైనవాడు, ఎదురు తిరిగేవాడు, అమాయకుడు, అడగడం కూడా రానివాడు, నలుగురికీ నాలుగు రకాల జవాబులు. ఎంచుకోడానికి నాకు ఇంతకంటే మంచి లెక్క దొరకలేదు. వివరాలు అడిగే పిల్లకి వివరాలే ఇవ్వండి, ఏ వస్తువు ఎందుకు, ఏ వరసలో ఎందుకు, తెలియకపోతే కలిసి వెతకండి, "నాకూ తెలీదు, నానమ్మని అడుగుదాం" అంటే మన పరువేం పోదు. "ఇదంతా మీ గోల, నాకెందుకు" అనే టైపుకి లెక్చర్ వద్దు, పని ఇవ్వండి, అది కూడా బాధ్యత ఉన్న పని, తను లేకపోతే ఆగిపోయేది. అమాయకంగా "ఇదేంటి?" అనేవాళ్ళకి కథ, పైన చెప్పినట్టు చివర్లో ఆ ఒక్క ముక్క కలిపి. ఏమీ అడగకుండా చూస్తూ ఉండే పిల్ల ఉంటుంది చూశారా, అందరం బుద్ధిమంతురాలు అని వదిలేస్తాం, ఆ పిల్లకి మనమే మొదలుపెట్టి చెప్పాలి, పస్కాలో కూడా నాలుగో పిల్లాడికి నువ్వే నోరు తెరిచి మొదలుపెట్టు అంటారు.

తల్లీ తండ్రీ వేరే మతాల వాళ్ళయినా, ఒకరు నమ్మి ఒకరు నమ్మకపోయినా, పిల్లని రెఫరీ చెయ్యొద్దు. "నాన్న ఇలా అనుకుంటారు, నేను ఇలా అనుకుంటా" అని ఇద్దరూ అంటే చాలు, పిల్లలు రెండు భాషలు మాట్లాడినట్టే దీన్నీ మోస్తారు. ఒకరి వెనక ఒకరు వెక్కిరిస్తేనే కష్టం. పక్కింటివాళ్ళ ప్రార్థన గురించి పిల్ల అడిగినా ఆ ఐదు మాటలే పనికొస్తాయి, "వాళ్ళు కూడా థాంక్స్ చెప్తున్నారు, వాళ్ళ పద్ధతిలో."

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, పండగతో మాత్రం వద్దు. పండగ రోజు మనకి ఊపిరాడదు, ఇంటినిండా చుట్టాలు, పిల్ల అడిగితే విసుక్కుంటాం. రోజూ చేసేదాన్ని, రెండు నిమిషాల్లో అయిపోయేదాన్ని తీసుకోండి. చేతికి పని ఒకటి, చెవికి వాక్యం ఒకటి, అంతే, రెండో వాక్యం పిల్ల అడిగితేనే.

మొన్న మా ఆడపడుచు కొడుకు వచ్చాడు, మూడేళ్ళవాడు. దీపం చూసి ఊదెయ్యబోతే మా పాప చెయ్యి పట్టుకుని ఆపి "ఊదకూడదు, అది బర్త్‌డేది కాదు, మనం ఇంట్లోనే ఉన్నామని దేవుడికి చెప్పేది" అంది. వాడు కాసేపు దీపాన్నీ దాన్నీ మార్చి మార్చి చూసి "దేవుడు బయటికెళ్ళాడా?" అన్నాడు. ఇద్దరూ నా వైపు తిరిగారు.